ఎర్ర అట్ట

తలుపు అద్దం భళ్లున పగిలి గాజుపెంకులు ఒళ్లో పడేసరికి గానీ ఆపరేటర్ తలెత్తలేదు. నవల ఆఖరి అధ్యాయంలో ఉన్నాడు. హంతకుడెవరో ఇంకో నాలుగు పేజీల్లో తేలబోతోంది. చేతికందిన కాగితం ముక్క పేజీల మధ్య పెట్టి పుస్తకం మూశాడు.

పగిలిన అద్దంలోంచి చెయ్యి దూర్చి గడియ తీసుకుని ఊరి వడ్రంగి లోపలికొచ్చాడు. చేతిలో సుత్తి ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. అతని వెనకే చలిగాలీ జల్లూ కలిసి గదిలోకి జొరబడ్డాయి. రెండు రోజుల గాలివానకి సాయంత్రం అయిదున్నరకే ఊరంతా చీకటి. బ్యాటరీ దీపం వెలుగుతున్న ఆ సబ్‌స్టేషన్ గది ఒక్కటే దూరం నుంచి కూడా కనిపిస్తోంది.

"మా వీధికి కరెంటు వెయ్యి."

"వెయ్యకూడదు తమ్ముడూ. లైన్‌మ్యాన్ స్తంభం మీదున్నాడు."

"మా అమ్మ మిషన్ పెట్టుకుని ఊపిరి పీలుస్తోంది. దాని బ్యాటరీ ఇంకో పావుగంటకి మించి రాదు. అక్కడ మేం చీకట్లో చస్తుంటే నువ్విక్కడ దీపం పెట్టుకుని కథలు చదువుకుంటున్నావా?"

ఆపరేటర్‌కి సిగ్గేసింది. చేతిలో పుస్తకం ఉంటే అతనికి లోకం పట్టదు, ఎవరేమన్నా 'ఊ' అంటాడంతే. మార్కులు తక్కువొచ్చినప్పుడల్లా కూతురు ముందుగా లైబ్రరీకి పోయి లావుపాటి నవల తెచ్చిచ్చేది, ఆ తర్వాతే సంతకానికి కార్డు ముందు పెట్టేది. కానీ అదంతా ఇంట్లో. ఉద్యోగం దగ్గర పదిహేడేళ్లుగా అతని మీద ఒక్క మాట పడలేదు.

"అదిగో, ఆ స్విచ్ పిడికి ఎర్ర అట్ట వేలాడుతోంది, చూడు. మనిషి పనిలో ఉన్నాడని దానర్థం. పని అయ్యాక అతనే వచ్చి నాకు కాగితం ఇవ్వాలి. అది ముట్టేదాకా ఆ అట్ట తియ్యను. తీస్తే పైనున్నవాడు అక్కడికక్కడే మాడిపోతాడు."

"ఫోన్ చేసి అడుగు."

"ఫోన్లు నిన్ననే పోయాయి."

"మరి దిగేశాడేమో, నీకేం తెలుసు?"

"కాగితం రాలేదుగా."

సుత్తి భుజం మీద పడింది. లోపల ఎముక విరిగిన చప్పుడు ఆపరేటర్‌కే వినిపించింది. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. బల్ల ఒరిగి పుస్తకం, గ్లాసు, రిజిస్టరు అన్నీ కింద దొర్లాయి. వడ్రంగి అతన్ని దాటుకుని స్విచ్ వైపు నడిచాడు.

ఆపరేటర్ పాకుతూ వెళ్లి అతని కాలొకటి పట్టేసుకున్నాడు. మొహం మీద రెండో బూటు కాలితో తన్నాడు వడ్రంగి. రెండు పళ్లు నోట్లోనే ఊడాయి. అయినా వదల్లేదు.

"నీకు తల్లి ఉంటే తెలిసేదిరా," అంటూ ఇంకో తన్ను తన్నాడు వడ్రంగి. అతను ఏడుస్తున్నాడు.

ఆపరేటర్‌కి లైన్‌మ్యాన్ కళ్లలో మెదిలాడు. చలికి గజగజ వణుకుతూ, "నా ప్రాణం మీ చేతిలో పెట్టి ఎక్కుతున్నా సార్," అని నవ్వి వెళ్లిన మనిషి. ఇద్దరు చిన్నపిల్లలు.

వడ్రంగి ఎర్ర అట్ట పీకి అవతల పారేశాడు. పిడి బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో లాగడానికి సుత్తి కింద పడేశాడు. ఆపరేటర్ మంచి చేత్తో దాన్ని అందుకుని లేచాడు.

"వదిలెయ్ తమ్ముడూ. నీకు దణ్ణం పెడతాను."

పిడి సగం కదిలింది.

ఆపరేటర్ మణికట్టు మీద కొట్టాడు. వడ్రంగి కేక పెట్టి, రెండో చేత్తో మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి ఆపరేటర్ కళ్లు మూసుకుని తల మీద కొట్టాడు. తెరిచి చూసి, భయంతో ఇంకోసారి కొట్టాడు.

వడ్రంగి గోడకి జారగిలబడి అలాగే కూర్చుండిపోయాడు. "అమ్మకి చెప్పొచ్చాను, ఇప్పుడే వచ్చేస్తానని," అన్నాడు. తర్వాత నేల మీదికి ఒరిగిపోయాడు, ఊపిరి ఆగిపోయింది.

బయట గాలి ఊళ వేస్తూనే ఉంది. ఆపరేటర్ గోడ గడియారం వంక చూశాడు. ఆరు కావడానికి పది నిమిషాలుంది. ఆ ముసలావిడ మిషన్‌కి మిగిలిన పావుగంటా దాటిపోయింది. పోనీ, స్తంభం మీదివాణ్ణి కాపాడాను కదా అనుకున్నాడు. పిల్లలున్నవాడు. ఆ ఒక్క మాటే పట్టుకుని ఏడ్చాడు.

వడ్రంగి తల కింద నుంచి నెత్తురు నేల మీద సన్నగా సాగి పుస్తకం దాకా వచ్చింది. లైబ్రరీ పుస్తకం. తడవకూడదని అలవాటు కొద్దీ పైకెత్తాడు. పేజీల మధ్యనుంచి కాగితం జారి ఒళ్లో పడింది.

నవల ఎక్కడిదాకా చదివాడో గుర్తుకి పెట్టుకున్న ముక్క. అచ్చు వేసిన ఫారం. తడిసిన వేళ్ల ముద్రల మధ్య లైన్‌మ్యాన్ కోడిగీతలు: 'పని పూర్తయింది. దిగిపోయాను. కరెంటు ఇవ్వవచ్చు. సమయం 4.40.'

దాని కింద 'ముట్టింది' అని అచ్చు వేసి ఉన్న చోట, తలెత్తకుండా పెట్టిన తన సంతకమే ఉంది.