పేగుబంధం

"ఏంటమ్మా? వినబడలేదు, కాస్త గట్టిగా చెప్పండి."

మందుల షాపు ఆవిడ అలా అనేసరికి టైలరమ్మ వెనక్కి తిరిగి చూసింది. "మలబద్ధకానికి..." అని గొణిగిందే గానీ, వెనక నిలబడ్డవాళ్ళలో ముగ్గురు ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు.

"తలనొప్పికి" అంది గట్టిగా.

డాక్టరు రాసిచ్చిన చీటీ గుప్పిట్లోనే నలిగింది. ఐబీఎస్ అన్నాడాయన, పేగుల జబ్బట. వీధిలో అందరి నడుం కొలతలూ ఆమెకు నోటికొచ్చు. ఆమె కడుపు సంగతి మాత్రం మొగుడిక్కూడా తెలియదు.

పొట్ట రాయిలా బిగుసుకుపోయి, మిషను మీద వంగలేక, మళ్ళీ షాపుకెళ్ళింది.

ఈసారి ముందున్న పెద్దాయన షాపంతా వినబడేలా అన్నాడు: "అమ్మాయ్, నా పేగులు మళ్ళీ సమ్మెకు దిగాయి. ఆ మాత్రలేవో ఇవ్వు."

అందరూ పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఆ నవ్వుల చాటున టైలరమ్మ చీటీ తీసింది. "నాకూ... అలాంటివే."

"నీకూనా? అయితే మనది పేగుబంధం. ఇవాళ్టి నుంచి నేను నీకు బాబాయిని."

ఇక ఎక్కడ కనబడినా వదిలేవాడు కాదు.

"పరగడుపునే వేసుకుంటున్నావా? అరగంట ఆగి తిను. మిషను దిగి కాస్త నడు."

"మెల్లగా బాబాయ్, వింటారు."

"విననీ. కడుపు లేనివాడెవడున్నాడిక్కడ?"

మొదట్లో ఆయన్ని చూస్తే పక్క సందులోకి తప్పుకునేది. మాత్రలు పడక విరేచనాలైతే మానేస్తానంది. "మానడం కాదు, డాక్టరుకి చెప్పు" అని ఆయనే తరిమాడు. డాక్టరు మోతాదు తగ్గించాడు. కొన్నాళ్ళకు పొట్ట తేలికపడింది. భయం లేకుండా తినగలిగింది. ఇంట్లోనూ చెప్పేసింది.

తర్వాత్తర్వాత ఆయన కోసమే షాపు దగ్గర ఆగేది.

ఒక రోజు ఆయన రాలేదు.

"బాబాయి ఏడీ?"

షాపు ఆవిడ తలెత్తలేదు. "పోయారమ్మా, మొన్న. గుండెపోటు."

టైలరమ్మ ఆయన నిలబడే చోటు వైపు చూసింది. "ఆ కడుపుతో ఎన్నేళ్ళు వేగాడో. ఒక్కనాడూ మొహంలో కనబడనీయలేదు."

షాపు ఆవిడ మాత్రల కవరు ఆమె చేతిలో పెట్టి, చెయ్యి వదల్లేదు.

"ఆయనకా జబ్బు లేదమ్మా, తీసుకెళ్ళేవి బీపీ మాత్రలు. మీరు అడగలేక వెళ్ళిపోయిన రోజు, వెనకే నిలబడి మీ గొణుగుడు విన్నారట. 'ఆ పిల్ల మళ్ళీ వస్తుంది, ఆ సిగ్గేదో నేను పడతాలే' అన్నారు."