‘త్వరలో’ వచ్చే చివరి పాఠం

“ఆ బొత్తం నొక్కకే! నీ రక్తమంతా గొట్టంలోంచి నేలపాలైతే నేనేం చెయ్యను?”

డొరీన్ అరుపుకి హాస్టల్ వాకిట్లో పడుకున్న కుక్క లేచి కూర్చుంది.

“అమ్మా, ఇది భాష మార్చే బొత్తం. మిషను ఇక్కడ లేదు, ఆస్పత్రిలో ఉంది,” అంది కూతురు లెటీషా, ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని.

“ఎవరికి తెలుసు? ఇప్పుడన్నీ గాల్లోనే కలిపేస్తున్నారుగా.”

లెటీషాకి పందొమ్మిదేళ్లు. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు మిషను రక్తం శుభ్రం చెయ్యాలి. ఆ పని తల్లి నేర్చుకుంటే మిషనుని సొంత ఊరికే పంపిస్తారు. లేకపోతే ఆస్ట్రేలియా నడిమధ్య ఉన్న ఈ ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలో, రోగుల హాస్టల్లోనే బతుకు. తమ ఊరి ఇసుకా, అమ్మమ్మా లేని ఈ చోట పిల్ల వాడిపోతోంది.

నేర్చుకోవడమంతా ట్యాబ్‌లోనే. ఇంగ్లీషు పాఠం మొదలైతే డొరీన్‌కి చెమటలు పట్టేవి. పైన భాషల వరసలో తమ ఆదివాసీ భాష కనిపించాకే ఊపిరి పీల్చుకుంది.

అందులో ఒక ఆడగొంతు. నిండుగా, నిదానంగా.

“చేతులు కడుక్కున్నావా? తొందరేం లేదు. ఇంకోసారి కడుక్కో.”

ఆ గొంతుని డొరీన్ అక్కా అనేది. “అలా కాదట, అక్క చెప్పింది,” అని నర్సు కార్మెల్‌కే ఎదురు చెప్పేది.

చివరి పాఠం ఒక్కటే తమ భాషలో తెరుచుకోలేదు. మిషను కూత పెడితే ఏం చెయ్యాలో చెప్పే పాఠం. దాని పక్కన ‘త్వరలో’ అని ఉంది. డొరీన్ భయమంతా ఆ కూత గురించే. ఆ పాఠం అక్క నోట వింటే తప్ప పరీక్షకి కూర్చోనని భీష్మించుకుంది.

సరిగ్గా అప్పుడే ఒక ముసలావిడ తగులుకుంది.

ఊలు టోపీ, ఉబ్బిన కాళ్లు, మోచేతికి కట్టు. ఆయాసంతో మాట గుసగుసగానే వచ్చేది.

“నీది ఏ వరస?”

“నాకమర్ర,” అంది డొరీన్. తమ తెగలో పుట్టుకతో వచ్చే వరస పేరది; ఆ పేరున్న ఆడవాళ్లంతా అక్కచెల్లెళ్లే.

“నాదీ అదే. అయితే నువ్వు నా చెల్లెలివే.”

“కంగారూ తోక కాలుతుంటే అందరూ అక్కలే,” అంటూనే డొరీన్ నిప్పుల మీంచి ఓ ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

ముసలావిడ నవ్వి, జేబులోంచి పాత ఫోనూ ఇయర్‌ఫోనూ తీసింది.

“ఇది చెవిలో పెట్టుకుని విను. విన్నాక నీకేం తెలిసిందో నీ మాటల్లో నాకు చెప్పు.”

డొరీన్ వెనక్కి జరిగింది. మంత్రం పాటగా వినిపించి మనుషుల్ని మంచాన పడేసేవాళ్ల గురించి ఆమె చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది.

“ఏముంది అందులో? ఎవరిదది?”

“ఎవరిదైతేనేం? అర్థం కాకపోతే కాలేదను. నాక్కావలసింది అదే.”

అర్థం కాలేదనిపించాలనా? ఇంకో భయం పుట్టింది డొరీన్‌కి. ఈ తల్లికి చేతకాదు, మిషను ఇవ్వద్దు అని ఆఫీసుకి మోసేస్తే?

ముసలావిడ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

“నీకు దణ్ణం పెడతాను, నా పిల్ల జోలికి రాకు! ఆ టోపీ చూస్తేనే నాకు దడ. ఇందులో నాకో అక్క ఉంది. ఆవిడ చాలు.”

ముసలావిడ ట్యాబ్ వంక చూసింది.

“ఆవిడ మాట నీకు అర్థమవుతుందా?”

“కన్నతల్లి పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది.”

ముసలావిడ ముఖం విప్పారింది. తనని వెక్కిరిస్తోందనుకుంది డొరీన్.

“ఫో! మళ్లీ కనిపిస్తే ఊరుకోను!”

“పెద్దావిడని అలాగా అనేది?” అంది లెటీషా.

“నీకు తెలీదు, నోర్ముయ్.”

ఆ తర్వాత ముసలావిడ రాలేదు. పీడ వదిలిందనుకుంది డొరీన్.

సోమవారం ట్యాబ్ తెరిస్తే భాషల వరసలో ఇంగ్లీషు ఉంది, అరబ్బీ ఉంది, చైనీసు ఉంది. తమ భాష లేదు.

“ఏం నొక్కావే?”

“నేను ముట్టుకోలేదమ్మా!”

కార్మెల్ కూడా నొక్కి చూసి పెదవి విరిచింది. పాఠాల్లో భాషలు పెట్టేదీ తీసేదీ డెరెక్. డొరీన్ వాళ్ల తెగవాడే. అతనికి ఫోన్ కలిపి, గొంతు పెద్దది చేసి బల్ల మీద పెట్టింది.

“నాయనా డెరెక్, మా అక్క గొంతు ఏమైంది? శుక్రవారం పరీక్ష. అది తప్పితే మిషను ఇంకొకళ్లకి ఇచ్చేస్తారట. చివరి పాఠం త్వరలో అన్నారు, ఏదీ?”

“పిన్నీ, అది…” అంటుండగానే డొరీన్ అడ్డుపడింది.

“నాకు తెలుసులే. ఊలు టోపీ పెట్టుకుని ఒక ముసల్ది మా హాస్టల్ చుట్టూ తిరిగింది. ఏదో చెవిలో పెట్టుకోమంది. నేను తరిమేశాను. ఆ కోపంతో అదే ఏదో చేసుంటుంది.”





  లెటీషా తల్లి చెయ్యి పట్టుకుంది. 

డెరెక్ మెల్లిగా చెప్పాడు.

“ఆ గొంతు మనిషి పోయింది పిన్నీ. తనూ మిషను మీదే బతికేది. పోయినవాళ్ల గొంతు మోగకూడదు కదా, ఇంటివాళ్లు మూసెయ్యమన్నారు. ఆ చివరి పాఠం ఓపిక లేకపోయినా చదివి, ఫోన్లో పెట్టుకుని తిరిగింది. కొత్తవాళ్లెవరైనా విని తిరిగి చెప్తేనే కదా మేం తెరిచేది! తనదని తెలిస్తే మొహమాటానికి బాగుందనేస్తారని ఎవరికీ చెప్పుకునేది కాదు పెద్దమ్మ. పోయే ముందు రోజు ఫోన్ చేసి ఒకటే నవ్వు. ‘హాస్టల్లో చెల్లి తిట్టి పంపిందిరా, కానీ ట్యాబ్‌లో నా గొంతుని అక్కా అంటోంది. రేపు టోపీ తీసేసి వెళ్తాను, అప్పుడు వింటుంది’ అంది.”