కొట్టివేత లేని చీటీ

డాక్టర్ సియూ లాన్ గారికి,

మీ మీద నాది తొమ్మిదేళ్ల కోపం. ల్యాబు ఎలుకల గదిలో అందరి ముందూ నన్ను బాబాయ్ వరసతో పిలిచి అడిగారు: "పాక్ చిక్, బోన్ల చీటీల మీద తేదీలు చూసే వేశారా?"

"నీకు పాలపళ్లు రాకముందు నుంచీ వేస్తున్నానమ్మా. నీ పేగులు నువ్వు చూసుకో, ఎలుకల సంగతి నాకొదిలెయ్" అన్నాను. అందరూ నవ్వారు. మీరు తప్పయిందన్నారు.

ఎనిమిదిన్నర రోజుల ఎలుక పిండంలో పేగు రెండు కొసల నుంచీ చాప చుట్టినట్టు ముడుచుకుంటుందని మీరే నాకు చూపించారు. ఆ చీటీల పిండాల్లో మాత్రం అది పరిచిన చాపలాగే ఉంది. మీరు తీసేసిన జన్యువు లేకపోవడమే కారణమని పత్రికలో రాశారు. తర్వాత ఎవరు చేసి చూసినా పేగు ముడుచుకుంది. మిమ్మల్ని దొంగ అన్నారు. పెనాంగ్ వదిలి ఇపో ఊళ్లో బడిపిల్లలకి పాఠాలు చెబుతున్నారట.

జతకట్టిన గుర్తు పొద్దున్నే చూసి ఆ రోజు తేదీ వెయ్యాలి. నేను రాయా పండక్కి పోతూ, ముందురోజు సాయంత్రమే అన్నిటికీ పండుగ తేదీ వేసేశాను. పండుగ మర్నాడు వచ్చి చూస్తే గుర్తులు ఆ పొద్దున్నే కొత్తగా పడి ఉన్నాయి. అంటే మీరు కోసినవి చీటీ లెక్కకన్నా ఒక రోజు చిన్న పిండాలు, పేగు ఇంకా ముడుచుకోని వయసువి. దిద్దితే నామోషీ అని దిద్దలేదు. మీరు అడిగిన రోజుకే ఆ తప్పు నాకు తెలుసు.

నలభై ఏళ్లలో ఒక్క కొట్టివేత లేకుండా చీటీలు రాశానని శనివారం నాకు సన్మానం చేస్తారట. అక్కడే ఇదంతా చెప్పేస్తాను. మీరు వచ్చి ముందు వరసలో కూర్చుంటారో లేదో శుక్రవారం లోగా రాయండి.

జైలానీ