లాలు అక్షరాలు

“ఈ అక్షరాలు ఎవరు రాసిండ్రు?”

ఫ్లెక్సీ షాపు గుమ్మంలోనే నిలబడి అడిగింది హేమ్లి. గోడకు వేలాడుతున్న ఎరువుల దుకాణం బ్యానరు వైపు వేలు చూపించింది.

కంప్యూటరు ముందున్న రాజేష్ తలెత్తాడు. “ఎవరూ రాయలేదక్కా. అది ఫాంటు. మిషిన్లనే ఉంటది.”

“అబద్ధం చెప్పకు తమ్మీ. ఇది చేత్తోని రాసిన రాత. నాకు తెల్వదా?”

హేమ్లికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? బూర్గంపాడు చుట్టుపక్కల గోడల మీద, దుకాణాల మీద పేర్లన్నీ ఆమె భర్త లాలు రాసినవే. లావుగా, పొడుగ్గా, నిండిన ఆటోలో జనంలాగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే అక్షరాలు. ఒంపులు, సొంపులు ఉండవు. ఎంత పొడుగు పేరునైనా ఇరుకు తలుపు మీద పట్టించేవాడు. రోడ్డు అవతల నుంచి కూడా చదువుకోవచ్చు.

లాలు నిరుడు వానలకు ముందు నిచ్చెన మీంచి జారి పడి చనిపోయాడు. ఆఖరున నోట్లో నీళ్లు పోసింది హేమ్లే.

అయినా ఈ మధ్య ఆయన అక్షరాలు కొత్తగా పుట్టుకొస్తున్నాయి. మొదట బస్టాండులో టీకొట్టు మీద. తర్వాత ఒక ఆటో వెనక. నిన్న దవాఖానా గేటు పక్కన. చూసిన ప్రతిసారీ ఆమె కాళ్లు ఆగిపోయేవి. వెనక నుంచి పెయింటు వాసన వచ్చినట్టుండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

రాజేష్ కుర్చీ జరిపాడు. “కూసో అక్కా. నేను ఖమ్మం నుంచి వచ్చి షాపు పెట్టినప్పుడు ఈడి గోడలు చూసిన. ఆ రాత నాకు మస్తు నచ్చింది. ఎవరు రాసిండో అప్పటికి తెల్వదు. ఫోన్ల ఫోటోలు తీస్కొని ఒక్కో అక్షరం మిషిన్ల గీసిన. ఇప్పుడు ఏం కొట్టినా గట్లనే వస్తది. సూడు.”

తెర నిండా ఒక్క ‘క’ నిలబడింది.

హేమ్లి దాన్ని వేళ్లతో తడిమింది. నున్నగా, చల్లగా తగిలింది. ఇన్నాళ్ల భయం ఒక్కసారిగా దిగిపోయింది. దాంతోపాటు ఎవరికీ చెప్పుకోని ఆశ కూడా పోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“అంటే, అన్నీ పాత గోడల మీదియే అన్నట్టు.”

“అన్నీ యాడ దొరుకుతయక్కా? ‘ఝ’, ‘ఢ’ ఎవరి దుకాణం పేర్ల ఉంటయ్? అవి లేక పని ఆగిపోయింది. గప్పుడే, రెండు నెల్ల కింద ఒకనాడు పొద్దుగూకంగ ఒకాయన వచ్చిండు. ‘ఇవి నా అక్షరాలే’ అని నవ్విండు. కుంచె ఆయనే తెచ్చుకున్నడు. గీడ్నే కూసొని మిగిలినయన్నీ రాసిచ్చిండు.”

హేమ్లి కొంగు వదిలేసి అతని వైపు తిరిగింది.

రాజేష్ ఆమెను పరీక్షగా చూశాడు. “పోతా పోతా, ‘నా కోసం ఎతుక్కుంట మా హేమ్లి వస్తది, మంచిగున్ననని చెప్పు’ అన్నడు. హేమ్లి అంటే నువ్వేనా అక్కా?”