పుట్టలో తలనొప్పి

ఒకానొక పుట్టలో పైడమ్మ అనే చెదపురుగు పొద్దస్తమానం గోడలు మెత్తేది. లోపలుంటే తలనొప్పి, కళ్లమంట. మట్టి కోసం బయటికెళ్తే మాయం.

"ఇదేం చోద్యం అత్తా? నీడపట్టున జబ్బు, ఎండలో సుఖమా?" అని పక్కనే మెత్తుతున్న ముసలి చెదనడిగింది.

"నాకూ అంతేనే. తిండి పడట్లేదేమో, పస్తుండి చూద్దాం," అంది అత్త దగ్గుతూ.

ఇద్దరూ పస్తున్నారు. మర్నాడు గోడ బీటవారి, చల్లగాలి లోపలికి కొట్టింది. పైడమ్మ తల తేలికైంది. అత్త దగ్గు ఆగింది.

"చూశావా, పస్తు పనిచేసింది!" అంది అత్త.

పైడమ్మ సంబరంగా ముద్దెడు మట్టి తెచ్చి, ఆ బీటను గాలి చొరకుండా మెత్తేసింది.

సాయంత్రానికి మళ్లీ అదే నొప్పి.

"అత్తా, ఇక నీళ్లు కూడా మానేద్దామా?" అంది అయోమయంగా.