చివరి అరలో చల్లటి దాణా

"పాలు మానిన పందిపిల్లలు వరసగా చచ్చిపోతున్నాయి. పోయిన మీ బావగారే తీసుకుపోతున్నారు. ఆయన్ని వెళ్లగొట్టు అన్నయ్యా" అని చెల్లెలు పిలిస్తే, పాస్టర్ని కదా, బైబిలు చంకన పెట్టుకుని వెళ్లాను.

షెడ్డులో నిలబడి, దయ్యాలు పందుల్లో దూరిన అధ్యాయం చదివాను. గొంతు పోయేలా గద్దించాను. ఒక్క పిల్లా తల తిప్పలేదు.

చెల్లెలు దాణా కలుపుతోంది. ప్రోటీన్ తగ్గించిన దాణా అది. పిల్లలకి అరగాలని ఎంజైమ్ పొడి వేసి, పైన సలసల కాగే నీళ్లు పోసింది.

"ఏం చేస్తున్నావే! వేడి తగిలితే ఆ పొడి బూడిదతో సమానం. తిన్నది అరక్క చస్తున్నాయవి. దయ్యం కాదు తల్లీ, నీ వేణ్ణీళ్లు!"

"చలికి వణుకుతున్నాయని పోశాను..." ఆమె ముఖం పాలిపోయింది.

షెడ్డులో చివరి అరలోకి తొంగిచూశాను. పిల్లలన్నీ నున్నగా, బొద్దుగా ఉన్నాయి. తొట్టిలో చెయ్యి పెట్టాను. దాణా చల్లగా ఉంది, ఆ ఎంజైమ్ పొడి వాసన వేస్తోంది.

"వీటికి మాత్రం చన్నీళ్లతో కలిపావే?"

"నేను కలపలేదు. ఆయన కూలిపోయిన చోటని అటు అడుగే పెట్టను. దూరం నుంచి చూస్తే ఆ తొట్టి రోజూ దానంతటదే నిండుతోంది. ఆ భయంతోనే నిన్ను పిలిచాను."

మళ్లీ చెయ్యెత్తి గద్దించబోయాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని దించేసింది.

"వద్దన్నయ్యా. ఆయన్ని ఉండనీ."