రెండు మూరల మల్లెలు

కంపెనీ బస్సు తడ కూడలిలో ఆగింది. రవిచంద్ర దిగాడు. దిగినవాడు తిన్నగా ఇంటికి రాలేదు. ఎరువుల కొట్టు ముందు బుట్ట పెట్టుకుని కూర్చునే దేవకమ్మ దగ్గర రెండు మూరల మల్లెపూలు కొని, పొట్లం చొక్కా చాటున దాచుకున్నాడు.

ఆ కొట్లో కూర్చున్న రవిచంద్ర నాయన కుప్పుస్వామి అంతా చూశాడు. నిన్నా చూశాడు. మొన్నా చూశాడు.

ఆయనకు ఒళ్ళు మండింది. మండదా మరి? బిడ్డను మట్టిలో పెట్టి వారం కూడా తిరగలేదు.

మనవరాలు తిరుపతిలో పుట్టింది. పుట్టిన గడియ నుంచీ అద్దాల పెట్టెలోనే ఉంది. కుప్పుస్వామి రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేవాడు. అద్దం ఇవతల నిలబడి చూసేవాడు. కొండవైపు తిరిగి దండం పెట్టుకుని వచ్చేసేవాడు. ఆ పిల్లను ఆయన ఎత్తుకున్నది ఒక్కసారే, అదీ పూడ్చడానికి తీసుకుపోయేటప్పుడు. తన భుజం మీది తువ్వాలులోనే చుట్టి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఆయన భుజాన తువ్వాలు వెయ్యలేదు.

అలాంటి ఇంట్లో సాయంత్రమయ్యేసరికి మల్లెల వాసన!

కోడలు మోహన గది దాటి రావడం లేదు. సరే, బాలింత. కానీ ఆమె ఏడుపు కూడా వినిపించలేదు. అదే ఆయనకు మింగుడుపడలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున గోడవైపు తిరిగి పడుకుంది, అంతే. ఆమె తల్లి జ్ఞానాంబ తోడుగా వచ్చి ఉంది. వియ్యంకుడి ఎదుట నిలబడి మాట్లాడే మనిషి కాదామె. కంచం పెట్టి తలుపు చాటుకు వెళ్ళిపోతుంది. కుప్పుస్వామి భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఉండి ఉంటే ఆమెనే అడిగేవాడు.

ఆపిల్ పండ్లు తెచ్చి గది గుమ్మంలో పెట్టాడు. ఎవరూ తినలేదు. ఏం చేయాలో తెలియనప్పుడు మనిషికి కోపమే ఆసరా. అందులోనూ కుప్పుస్వామికి కోపం ముక్కుమీదే ఉంటుంది. పొద్దున చెత్తబుట్టలో నలిగి వాడిన మల్లెదండ కనిపించిందంటే ఆ రోజు కొట్టుకొచ్చిన రైతులకు తిట్లే.

ఆ సాయంత్రం ఇక ఉండబట్టలేక కొడుకును వాకిట్లోనే ఆపాడు.

“ఎవురికిరా ఆ పూలు?”

“మోహనకు నాయనా.”

“బిడ్డ పోయిన ఇంట్లో పూలేందిరా? నీకు సిగ్గు లేకపోతే నీ పెళ్ళానికన్నా ఉండొద్దా?”

రవిచంద్ర చెవులు ఎర్రబడ్డాయి. నాయన ముందు గట్టిగా నవ్వను కూడా నవ్వని పిల్లాడు. తల వంచుకుని లోపలికి పోయాడు. గది తలుపు మూసుకుంది.

తప్పు చేసినవాడే తల వంచుకుంటాడని కుప్పుస్వామి లెక్క.

మర్నాడు కొట్టు తెరుస్తూనే దేవకమ్మను పిలిచాడు. ఆ కూడలిలో పూలమ్మేది ఆమె ఒక్కతే.

“మావోనికి పూలిచ్చినావంటే నా కొట్టు నీడన నీ బుట్ట ఉండదు. సూసుకో.”

“అది కాదన్నా, ఆ పూలు…”

“నాకేం సెప్పబాకు. ఆడోళ్ళకు ఆడోళ్ళే వత్తాసు.”

దేవకమ్మ బుట్టను ఇంకాస్త నీడలోకి జరుపుకుంది. ఎండలో కూర్చుంటే మల్లెలు మధ్యాహ్నానికే మాడిపోతాయి. సాయంత్రం రవిచంద్ర వచ్చినప్పుడు, ముఖం చూడకుండా, అయిపోయాయంది. అతను బండి తీసుకుని సూళ్ళూరుపేట దాకా వెళ్ళాడు. ఆ పొద్దుకు అక్కడా పూలు అయిపోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

ఇంట్లో మల్లెల వాసన లేదు. కుప్పుస్వామికి గెలిచినట్టే అనిపించింది.

మరుసటి రోజు మధ్యాహ్నం కొడుకు డ్యూటీకి పోయి ఉన్నాడు. కుప్పుస్వామి అన్నం ముందు కూర్చోగానే గదిలోంచి ఏడుపు వినిపించింది. మొదట సన్నగా. తర్వాత ఉగ్గబట్టుకోలేక పెద్దగా.

“ఓర్సుకోలేకుండా ఉండానమ్మా!”

కుప్పుస్వామి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కోపం ఎటు పోయిందో పోయింది. ఇన్నాళ్ళకు ఆ పిల్ల ఏడ్చింది! ఈ ఇంట్లో తానొక్కడే ఏడుస్తున్నాననుకున్నాడు. పూలు మాన్పించబట్టే కోడలికి బిడ్డ గుర్తొచ్చిందనుకున్నాడు. ఆయనకూ కన్నీళ్ళు ఆగలేదు. చేయి కడుక్కుని గది దగ్గరికి వెళ్ళాడు. తన గొంతుకు చేతనైనంత మెత్తగా అన్నాడు.

“ఏడువు తల్లీ. బాగా ఏడువు. ఏడిస్తేనే బరువు తగ్గుతాది.”

లోపల ఏడుపు ఇంకా పెరిగింది.

తలుపు ఓరగా తెరుచుకుంది. జ్ఞానాంబ. ఆమె ఆయన ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి.

“అన్నా, పిల్లకు ఒళ్ళు కాలిపోతాండాది. దేవకమ్మకు ఒక మాట సెప్పి పూలు ఇప్పించన్నా.”

ఆయన నమ్మలేనట్టు చూశాడు.

“జరమొచ్చిన పిల్లకు పూలేందమ్మా? ఇంకా సోకులేనా?”

జ్ఞానాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసేసింది.

“అవి తలలో పెట్టుకునే పూలు గాదన్నా, తాగే బిడ్డ లేక గడ్డకట్టిన పాలు ఇంకిపోవాలని రొమ్ముకు కట్టే పూలు.”